పద్నాలుగేళ్ల ఫైర్‌వైర్ పెట్టె: కంప్యూటర్లు మారాయి, ఇది మాత్రం మారలేదు

మొన్న డిసెంబరులో మైలాపూర్‌లో ఒక కచేరీకి మైకులు బిగిస్తుంటే వయొలిన్ వాయించే పెద్దావిడ నా వైపు చూసి, "ఏం నాయనా, ఇంకా ఆ పాత పెట్టేనా? కొత్త కంప్యూటర్ కొన్నావని చెప్పారే" అన్నారు.

"పెట్టె అదేనమ్మా, తీగ మారింది" అన్నాను. ఆవిడ ఇంకేదో అడగబోయారు గానీ ఈలోగా తంబురా మొదలైంది. అప్పుడు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. మైకుల శబ్దాన్ని ఫైర్‌వైర్ అనే తీగ ద్వారా కంప్యూటర్‌కు పంపే ఇలాంటి ఆడియో పెట్టెను అటక మీద పడేసి బాధపడుతున్నవాళ్లు మద్రాసులోనే చాలామంది తెలుసు నాకు.

వడపళనిలో మేడ మీద ఒక గది నాది. ఏడాది పొడుగునా తెలుగు డబ్బింగులు, ప్రకటనలకు గొంతులు. డిసెంబరు, జనవరి వస్తే మైకులు సర్దుకుని కచేరీల వెంట తిరుగుతాను. 2011లో ఈ పెట్టె, ఫోకస్‌రైట్ సఫైర్ ప్రో 40, కొన్నాను. ఎనిమిది మైకులు పెట్టుకోవచ్చు, ముందువైపు మైకు బలం పెంచే ఎనిమిది గెయిన్ నాబులు, ఒక్కో ఛానెల్‌కు చిన్న లైట్ల మీటరు, రెండు హెడ్‌ఫోన్ సాకెట్లు. వెనక ఒక ఫైర్‌వైర్ 400 సాకెట్, ఒక జత ఆప్టికల్ సాకెట్లు. ఆ ఆప్టికల్ సాకెట్ల వైపు పదకొండేళ్లు నేను కన్నెత్తి చూడలేదు. చివరికి పెట్టెను బతికించింది అవే.

శబ్దం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మృదంగానికి, వయొలిన్‌కు, ఘటానికి ఈ ప్రీయాంప్‌లు (మైకు ఇచ్చే సన్నటి సంకేతాన్ని పెంచే భాగాలు) ఏనాడూ చాల్లేదనిపించలేదు. మెల్లగా మాట్లాడే గొంతుకు డైనమిక్ మైక్ పెడితే మాత్రం నాబు దాదాపు చివరిదాకా తిప్పాలి, అప్పుడు వెనక సన్నగా 'ష్' అని వినిపిస్తుంది. కండెన్సర్ మైక్ పెడితే ఆ గొడవే లేదు. ఇప్పటి కొత్త పెట్టెలు ఇంతకంటే నిశ్శబ్దంగా ఉంటాయి, కాదనను. కానీ నా గదిలో ఏసీ చప్పుడు, కింద వీధిలో ఆటో హారన్ దాటుకుని ప్రీయాంప్ చప్పుడు బయటపడిన రోజు ఇంతవరకు రాలేదు.

అసలు చిక్కంతా కంప్యూటర్‌తోనే.

ఫైర్‌వైర్ అంటే ఐట్రిపుల్‌ఈ 1394. 1995లో ప్రమాణంగా వచ్చింది. అప్పటి యూఎస్‌బీ సెకనుకు 12 మెగాబిట్లు మోస్తే ఇది 400 మోసేది. వేగం కంటే ముఖ్యమైన గుణం ఇంకొకటుంది. ఆడియోకు ఇది ముందే చోటు కేటాయించి పెడుతుంది. రైల్లో రిజర్వేషన్ బెర్తులా అన్నమాట, ఎంత రద్దీ ఉన్నా మన బెర్తు మనదే. ఎనిమిది మైకులు ఒకేసారి రికార్డు చేసేవాళ్లంతా ఆ రోజుల్లో దీని వెంట పడింది అందుకే. కాలం గడిచేసరికి యూఎస్‌బీ బలపడింది, ల్యాప్‌టాపుల్లోంచి ఫైర్‌వైర్ సాకెట్ మెల్లగా మాయమైంది. పెట్టె లోపల మాత్రం ఏదీ చెడిపోలేదు. మన దగ్గర సామాను ముసలిదై పోయేలోపే దాని సాకెట్టూ, దాన్ని కంప్యూటర్‌కు పరిచయం చేసే ప్రోగ్రామైన డ్రైవరూ పోతున్నాయి.

నా మొదటి ల్యాప్‌టాప్‌లో నాలుగు పిన్నుల చిన్న ఫైర్‌వైర్ సాకెట్ ఉండేది. నాలుగు పిన్నులదానిలో కరెంటు రాదు, డేటా మాత్రమే వస్తుంది. ఈ పెట్టెకు విడిగా అడాప్టర్ ఉంది కాబట్టి అది సమస్య కాలేదు. సమస్య లోపలి చిప్‌తో. ఇరవై నిమిషాలకోసారి శబ్దం తెగిపోయేది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్న కార్డు వేస్తే కుదురుగా ఉంటుందని ఫీల్డులో ఉన్నవాళ్లు చెబితే ఎక్స్‌ప్రెస్‌కార్డు ఒకటి కొని పక్కన స్లాట్‌లో దూర్చాను. తెగడం ఆగిపోయింది. కానీ ఆ కార్డు అర అంగుళం బయటికి పొడుచుకుని ఉండేది. ఒక సభలో తని ఆవర్తనం మంచి రసపట్టులో ఉండగా కాఫీ తెచ్చిన కుర్రాడి చెయ్యి దానికి తగిలింది. స్క్రీన్ మీద గీతలు ఆగిపోయాయి, మృదంగం ఆగలేదు. నేను కార్డు నొక్కి, ప్రోగ్రామ్ మళ్లీ తెరిచేసరికి నలభై సెకన్లు గాల్లో కలిసిపోయాయి. ఆ విద్వాంసుడు ఏమీ అనలేదు. అనుంటేనే బాగుండేది.

2013లో 2012 మోడల్ మాక్ మినీ సెకండ్‌హ్యాండులో తీసుకున్నాను. ఫైర్‌వైర్ 800 సాకెట్ ఉన్న ఆఖరి మాక్ మినీ అది. 800 నుంచి 400కు మారే తీగ ఒకటి చాలు. ఒక కొసకు తొమ్మిది పిన్నులు, ఇంకో కొసకు ఆరు. అందులో ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు, ఉత్త తీగే. ఎనిమిదేళ్లు దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేకుండా నడిచింది. రికార్డింగ్ సామాను గురించి అంతకంటే మంచి మాట నాకు తెలియదు.

ఈ మధ్యలో 2015 డిసెంబరు వరదలొచ్చాయి. మేడ మీద గదికి ఏమీ కాలేదు. కింద గోడౌన్‌లో పెట్టిన అట్టపెట్టెలు మాత్రం నానిపోయాయి. వాటిలో ఈ పెట్టెతో వచ్చిన డ్రైవర్ సీడీ కూడా ఉంది. అప్పట్లో నవ్వుకున్నాను, సీడీ ఎవడిక్కావాలి, నెట్‌లో దొరుకుతుంది కదా అని. ఇప్పుడలా నవ్వను. పాత డ్రైవర్ల పేజీలు ఎప్పుడు ఉంటాయో ఎప్పుడు తీసేస్తారో ఎవరూ చెప్పలేరు. దొరికిన రోజే ఇన్‌స్టాలర్‌ను రెండు పెన్‌డ్రైవుల్లో వేసుకుని, దాని మీద కాగితం అంటించి పెట్టుకోవాలి.

2021లో మాక్ మినీ వీడియో పనికి చాలక ఆపిల్ సొంత ప్రాసెసర్ ఎం1 ఉన్న కంప్యూటర్ కొన్నాను. పెట్టె కోసం అడాప్టర్ల గొలుసు సిద్ధం చేసుకున్నాను. థండర్‌బోల్ట్ 3 నుంచి థండర్‌బోల్ట్ 2, అక్కణ్నుంచి ఫైర్‌వైర్ 800, అక్కణ్నుంచి 400. బల్ల మీద పెడితే తోకలు ముడేసుకున్న మూడు బల్లుల్లా ఉంది. కలిపాను. సిస్టమ్ రిపోర్టులో పెట్టె పేరు చక్కగా కనబడింది! ఎంత సంబరపడ్డానో. ఆ పేరు కనబడటమే గానీ శబ్దం మాత్రం చుక్క రాలేదు.

కారణం వెతుక్కుంటే తెలిసింది. తీగలు సరే, డ్రైవర్ ఇంటెల్ ప్రాసెసర్ కోసం రాసింది. రోసెట్టా 2 అనేది పాత ఇంటెల్ ప్రోగ్రాములను కొత్త ప్రాసెసర్‌కు అర్థమయ్యేలా చెప్పే దుబాసీ. కానీ డ్రైవర్లు సిస్టమ్ నడిబొడ్డైన కెర్నెల్‌లోకి వెళ్లి కూర్చునే రకం. ఆ గుమ్మం దాటి లోపలికి దుబాసీని రానివ్వరు. కొత్త ప్రాసెసర్‌కు తగ్గట్టు డ్రైవర్ మళ్లీ రాస్తే తప్ప ఆ పెట్టె పలకదు. కొన్ని కంపెనీలు తమ పాత ఫైర్‌వైర్ పెట్టెలకు అలా రాసిచ్చాయి కూడా. కాబట్టి అడాప్టర్లు కొనేముందు అడగాల్సింది తీగ కుదురుతుందా అని కాదు, మీ పెట్టె మోడల్‌కు మీ ప్రాసెసర్ డ్రైవర్ ఉందా అని. నేను అడగలేదు, అడాప్టర్లు డ్రాయర్‌లో పడున్నాయి. 2025లో వచ్చిన మాక్ ఓఎస్ 26, అదే టాహో, ఫైర్‌వైర్‌ను మొత్తానికే తీసేసింది. అంటే డ్రైవర్ ఉన్నవాళ్లు కూడా ఆ అప్‌డేట్ నొక్కితే అంతే సంగతులు. ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపి పెట్టుకోండి.

ఇంకో హెచ్చరిక. ఒక వైపు యూఎస్‌బీ, ఇంకో వైపు ఫైర్‌వైర్ ఉన్న చిన్న ప్లగ్గులు చవగ్గా అమ్ముతుంటారు. కొనకండి. రెండూ మాట్లాడే భాషలే వేరు, ప్లగ్గు మారిస్తే భాష మారదు. పైగా ఆరు పిన్నుల ఫైర్‌వైర్‌లో 30 వోల్టుల దాకా కరెంటు ఉండొచ్చు, యూఎస్‌బీలో ఉండేది 5. పని చేయకపోవడం అటుంచి, ఉన్న సాకెట్ కూడా కాలిపోవచ్చు. ఆ మాటకొస్తే అసలైన ఫైర్‌వైర్ తీగనైనా పెట్టె స్విచ్ ఆపాకే గుచ్చడం నాకు అలవాటు. ఆరు పిన్నుల ప్లగ్గును బలవంతంగా తిరగేసి గుచ్చి సాకెట్ కాల్చుకున్నవాళ్లను చూశాను.

ఆ తర్వాత లినక్స్ మీద పడ్డాను. పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది, దానికి పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు కావాలి. రిచీ స్ట్రీట్‌లో నాలుగో షాపువాడు కార్డుల డబ్బా బల్ల మీద బోర్లించి, "ఇదెల్లాం ఇప్ప యారు సార్ కేక్కురాంగ?" అన్నాడు. ఇప్పుడివన్నీ ఎవరు అడుగుతున్నారని. ఒక్కో కార్డూ తీసి ఫోన్ టార్చి వేసి చిప్ మీద అక్షరాలు చదివాను. దుమ్ము, నూనె, పైన ఎవరో అంటించిన ధర చీటీ జిగురు. గోటితో గీకితే ఎక్స్‌ఐఓ2213 అన్న అంకె బయటపడింది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌దే. బేరమాడితే తొమ్మిది వందలకు ఇచ్చాడు, వింతగా చూస్తూ.

లినక్స్ కెర్నెల్‌లో ఈ పెట్టె లోపలి డైస్ చిప్‌కు డ్రైవర్ ఉంది. సీడీలు, ఇన్‌స్టాలర్లు ఏమీ అక్కర్లేదు, తీగ గుచ్చితే కనబడింది. అక్కడ ఫైర్‌వైర్ బాధ్యత చూసే తకాషి సకమోటో 2029 దాకా చూస్తానని ప్రకటించాడు. ఒక మనిషి పూనుకుంటే ఇన్ని వేల పెట్టెలు బతుకుతున్నాయంటే ముచ్చటేస్తుంది. నెల రోజులు అందులో రికార్డు చేశాను, ఎనిమిది ఛానెళ్లూ తెగకుండా వచ్చాయి. మానేయడానికి కారణం పెట్టె కాదు, నేనే. డబ్బింగ్ క్లయింట్లు పంపే ప్రాజెక్టులు తెరవాలంటే నాకు మాక్ కావాలి, రెండు కంప్యూటర్ల మధ్య ఫైళ్లు మోయలేక విసిగిపోయాను. మీకు అలాంటి బంధాలు లేకపోతే ఈ దారి మంచిదే.

చివరికి కుదిరింది ఆప్టికల్ దారి. 2022 నుంచి ఇలాగే నడుపుతున్నాను. ఈ రంగంలోవాళ్ల మాటల్లో దాని పేరు ఏడాట్. తొంభైల మొదట్లో అలెసిస్ టేప్ రికార్డర్ల కోసం పుట్టింది. సన్నటి ప్లాస్టిక్ తీగలో ఎర్రటి వెలుగు రూపంలో ఎనిమిది ఛానెళ్లు పంపుతుంది. శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తామనే లెక్క 44.1 గానీ 48 కిలోహెర్ట్జ్ గానీ అయితే ఎనిమిదీ వస్తాయి, 96కు వెళ్తే నాలుగే. సినిమా, ప్రకటన పని ఎలాగూ 48లోనే కాబట్టి నాకు ఇబ్బంది లేదు. దీనికి డ్రైవర్ ఉండదు. పాత పెట్టె ఆప్టికల్ అవుట్ నుంచి ఆప్టికల్ ఇన్ ఉన్న కొత్త యూఎస్‌బీ పెట్టెకు తీగ కలిపితే, కంప్యూటర్‌కు కనబడేది కొత్త పెట్టె ఒక్కటే. పాతది వెనక ఉందని దానికి తెలియనే తెలియదు. నేను స్కార్లెట్ 18ఐ8 మూడో తరంది తీసుకున్నాను. దాని సొంత మైకులు నాలుగు, పాతదాని నుంచి ఎనిమిది, మొత్తం పన్నెండు.

కానీ ఇది ఊరికే రాదు. పాత పెట్టె కంప్యూటర్ లేకుండా విడిగా నడవాలంటే, మైకులన్నీ ఆప్టికల్ అవుట్‌కు వెళ్లాలని దానికి ముందే నేర్పి పెట్టాలి. ఆ నేర్పే ప్రోగ్రామ్ మిక్స్‌కంట్రోల్. అది నడవాలంటే పాత కంప్యూటర్ కావాలి! మూలన పెట్టిన మాక్ మినీ తీశాను. పాత ఫైర్‌వైర్ తీగ వెతికాను. అనలాగ్ 1 నుంచి 8 వరకు వరసగా ఏడాట్ 1 నుంచి 8కి కలిపి, 48 కిలోహెర్ట్జ్ పెట్టి, క్లాక్ ఇంటర్నల్‌లో ఉంచి, మెనూలో 'సేవ్ టు హార్డ్‌వేర్' నొక్కాను. స్విచ్ ఆపి, ఫైర్‌వైర్ తీగ పీకి, మళ్లీ వేశాను. గెయిన్ నాబులు, కండెన్సర్ మైకులకు కరెంటిచ్చే ఫాంటమ్ పవర్ బటన్లు ముందువైపే ఉన్నాయి, అవి చేత్తో పనిచేసేవే. ఇక కంప్యూటర్‌తో దానికి పని లేదు. చేసిన సెట్టింగ్ కాగితం మీద రాసి పెట్టె అడుగున అంటించాను. మీ పాత కంప్యూటర్ ఇంకా ఊపిరితో ఉంటే ఈ ఒక్క పని ఈ వారమే చేసేయండి, అది పోయాక చేద్దామంటే కుదరదు.

మొదటి రోజు ఏమీ రాలేదు. గంటసేపు రూటింగ్, అంటే ఏ మైకు ఎటు వెళ్తోందో, చూశాను, క్లాక్ చూశాను, మాక్ మినీ మళ్లీ కలిపి మళ్లీ సేవ్ చేశాను. టెన్షన్‌తో చెమటలు. చివరికి మా అబ్బాయి ఆప్టికల్ తీగ కొస పట్టుకుని, "నాన్నా, దీనికి ప్లాస్టిక్ తొడుగుంది, తియ్యాలా?" అన్నాడు. కొత్త తీగ కొసలకు గాజులాంటి పారదర్శకమైన చిన్న టోపీలు ఉంటాయి. ఒకటి తీశాను, రెండోది తియ్యలేదు. ఇప్పుడు ఎప్పుడు తీగ కలిపినా ముందు ఆ కొస అరచేతికి దగ్గరగా పెట్టి ఎర్ర చుక్క పడుతోందో లేదో చూస్తాను.

తర్వాత వచ్చింది టిక్ టిక్. డబ్బింగ్‌లో తెలియలేదు, మాటల మధ్య కలిసిపోయింది. ఒక రోజు తంబురా ఒక్కటే రికార్డు చేస్తుంటే ఆ నాదం వెనక ఎవరో పెసరగింజ వేసినట్టు రెండు మూడు సెకన్లకోసారి టిక్ అని వినిపించింది. ఇది క్లాక్ జబ్బు. రెండు పెట్టెల్లోనూ ఒక్కో స్ఫటికం ఉంటుంది, సెకనుకు 48,000 సార్లు లెక్కపెట్టడం దాని పని. రెండూ 48,000 అనే చెబుతాయి గానీ, రెండు గోడ గడియారాలు ఎప్పుడైనా ఒక్కలా నడిచాయా? పది లక్షలకు పది తేడా వచ్చినా చాలు, సుమారు రెండు సెకన్లకు ఒక శాంపిల్, అంటే ఒక కొలత, ఎక్కువో తక్కువో అవుతుంది. ఆ జారిపోయినదే టిక్. ఒక పెట్టె లెక్కపెట్టాలి, రెండోది దాన్ని అనుసరించాలి. నా కొత్త పెట్టెకు ఆప్టికల్ ఇన్ మాత్రమే ఉంది, అవుట్ లేదు. అందుకని పాతదే పెద్దరికం వహిస్తుంది. కొత్తదాని క్లాక్ సోర్స్ ఏడాట్‌కు మార్చగానే టిక్ పోయింది. ముందే తెలిసుంటే ఆప్టికల్ అవుట్ కూడా ఉన్న మోడల్ కొనేవాణ్ని. అప్పుడు పాతదాని హెడ్‌ఫోన్ సాకెట్లు రెండూ వాడుకోవడానికి వీలుండేది. ఇప్పుడవి ఖాళీగా ఉన్నాయి. ఈ ఏర్పాటులో నేను పోగొట్టుకున్నది అదొక్కటే.

పవర్ అడాప్టర్ గురించి ఒక మాట. అసలుది ఏడో ఏట పోయింది. వీధి చివర ఒక షాపులో, వోల్టులు సరిపోయాయని చవకది తెచ్చాను. వినడానికి హాయిగా ఉన్న రికార్డింగులో అడుగున సన్నటి ఝుంకారం. ఆంపియర్లు కూడా అసలుదానికి తగ్గకుండా, ప్లస్ లోపలుందా బయటుందా చూసుకుని మంచిది తెచ్చాక పోయింది. ఆ చవకది ఇప్పుడు వైఫై రౌటర్ దగ్గర పనిచేస్తోంది.

మాక్ మినీని అమ్మలేదు. మాక్ ఓఎస్ కాటలీనా దగ్గర ఆగిపోయింది, నెట్ తీగ పీకేశాను, హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేశాను, మొత్తం నకలు ఒకటి బయటి డిస్కులో ఉంది. ఏడాదికి రెండుసార్లు ఆన్ చేస్తాను, పెట్టె సెట్టింగ్ మార్చాల్సి వస్తే ఉంటుందని. పాత ప్రాజెక్టులు అందులోనే తెరిచి ఒక్కో ట్రాకూ మొదటి నుంచి చివరిదాకా వేవ్ ఫైలుగా తీసి పెట్టుకున్నాను. పాత 32 బిట్ ప్లగిన్లు కాటలీనాలోనే తెరుచుకోవడం మానేశాయి. ప్లగిన్ పోయినా గొంతు మిగలాలి కదా.

సెకండ్‌హ్యాండులో ఇలాంటి పెట్టె కొనాలనుకునేవాళ్లు నన్ను అడుగుతుంటారు. ఆప్టికల్ అవుట్, ముందువైపు చేత్తో తిప్పే నాబులు, ఈ రెండూ ఉంటేనే కొనండి. గెయిన్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే మారేది అయితే ధర ఎంత తక్కువైనా వద్దు. అమ్మేవాళ్ల ఇంట్లోనే, వాళ్ల పాత కంప్యూటర్‌లోనే రూటింగ్ సేవ్ చేయించి, స్విచ్ ఆపి వేసి, ఆప్టికల్ సాకెట్‌లో ఎర్ర వెలుగు చూసుకోండి. ఎనిమిది నాబులూ ఒక్కొక్కటే హెడ్‌ఫోన్ పెట్టుకుని తిప్పి చూడండి. మద్రాసు ఉప్పుగాలికి నాబుల లోపల తుప్పు పట్టడం మామూలే, కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలావరకు పోతుంది. నా దాంట్లో ఆరో నాబు ఎంత కొట్టినా ఒక చోట బర్రుమంటుంది. అందుకే ఆరో ఛానెల్ తంబురాకు ఇస్తాను. కచేరీ మొదట్లో ఒకసారి పెడితే మళ్లీ దాన్ని ముట్టుకునే పని ఉండదు.